మీద పరిచిన గడ్డి

మంగళవారం పొద్దున, ఎండ ఇంకా పదునెక్కకముందే, డెల్‌రోజ్ మూడో మడి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమచేత్తో, కూరల్లో వేసే థైమ్ ఆకు కుదురును పక్కకు ఒత్తిపట్టి, కుడిచేతి చూపుడువేలు మట్టిలోకి దించింది. పైకి కనిపిస్తున్నవి రెండే రెండు తుంగ పోచలు. లాగితే చిటికెలో తెగి వచ్చేస్తాయి. గడ్డ మాత్రం కిందే ఉండిపోతుంది, వారం తిరక్కుండా నాలుగు పోచలై లేస్తుంది. వేలు రెండో కణుపు దాకా దిగాక శనగగింజంత గడ్డ తగిలింది. దాన్నుంచి దారంలాంటి వేరు ఇంకో గడ్డకు పోయింది. దాన్నీ తవ్వింది. రెండింటినీ నడుముకు కట్టుకున్న రేకుడబ్బాలో వేసింది. గట్టుమీద పారేస్తే చినుకు పడగానే మళ్ళీ బతుకుతుంది. ఇంటికి తీసుకెళ్ళి పొయ్యిలో వేస్తే తప్ప దాని పీడ వదలదు.

మడి వెడల్పు మూడున్నర అడుగులు. ఏ పక్క కూర్చున్నా చెయ్యి నడిమికి అందాలి, కాలు మాత్రం ఎప్పుడూ మడిలో పడకూడదు. అట్లాంటి మళ్ళు పద్దెనిమిది. మడి మడికీ మధ్య ఎర్రమట్టిలోంచి ఏరి తీసిన రాళ్ళు పేర్చిన కాలిబాట. కుదుళ్ళ చుట్టూ జానెడు మందాన గినీగడ్డి పరిచి ఉంది. జమైకా దక్షిణపు కొసన, ఆ వానలేని నేలమీద, గడ్డి కప్పకుండా ఏదీ బతకదు. ట్యాంకరు నీళ్ళు పోసినా సముద్రం మీదనుంచి వచ్చే గాలి మధ్యాహ్నానికల్లా తాగేస్తుంది. ఆ గడ్డి కిందనైతే వారమైనా మట్టి చల్లగా ఉంటుంది. కలుపు కూడా వెలుతురు లేక పాలిపోయి చస్తుంది, ఒక్క తుంగ తప్ప.

"పిల్లా, ఈస్టరుకి కోతకొస్తుందంటావా?" అని అవతలి గోడమీద కూర్చున్న ఐసిల్డా అడిగింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె ఇల్లు ఆ పక్కనే. నడుము వంగనివ్వదు కాబట్టి పనిచేసేవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడటం తన పనిగా పెట్టుకుంది.

"సరిగ్గా రెండు వారాలు పిన్నీ. వాసన చూడు, ఇక్కడికే కొడుతోంది."

"చేపల కూరలోకి నాలుగు రెమ్మలు నాకు అట్టేపెట్టు. పోయినేడు మర్చిపోయావు."

డెల్‌రోజ్ నవ్వబోయింది. అప్పుడే ఎదురుగా మడిలో ఒక బూటు దిగబడింది. గడ్డిని తొక్కి, రెండు కుదుళ్ళ మధ్య, మడమ దాకా.

ఎగ్బర్ట్ మాక్సమ్ బూటు అది. ఆ వాలు మీద సగం భూమి ఆయనదే. వెనక కాలిబాట మీద ముప్ఫై ఏళ్ళవాడు ఒకడు, తెల్ల చొక్కాతో నిలబడ్డాడు.

"బాగున్నావా డెల్‌రోజ్?"

"బాగున్నానండీ. మీ కాలు మడిలో ఉంది."

మాక్సమ్ కాలికేసి చూసుకుని నవ్వాడు. రెండో కాలు కూడా తెచ్చి దాని పక్కన పెట్టాడు. "ఎంత మెత్తగా ఉందిరా కెన్రోయ్! ఇలా వచ్చి తొక్కి చూడు."

తెల్లచొక్కా మనిషి రాలేదు. రాళ్ళమీదే ఉండిపోయాడు.

"వీడు మా అక్క కొడుకు. మాంటెగో బే హోటల్లో చేసేవాడు, తీసేశారు. శనివారం నుంచి ఈ పొలం చెక్క వీడు చేసుకుంటాడు."

డెల్‌రోజ్‌కి అర్థం కాలేదు. "ఏ చెక్కండీ?"

"ఇదే."

ఆమె లేచి నిలబడింది. మోకాళ్ళకు అంటిన మట్టి దులుపుకోలేదు. "ఆరేళ్ళ కిందట మీరేగా నన్నిక్కడ నిలబెట్టి, మేక కూడా మొహం పెట్టదు, నీ తంటా నువ్వు పడు అన్నారు. అంతా రాయీ తుంగేనాయె."

"అన్నాను. పడ్డావుగా ఆరేళ్ళు. కాదన్నానా?"

"కోతకి రెండు వారాలుందండీ. కోసుకుని పోతాను."

"అదెట్లా కుదురుతుందమ్మా! వీడు ఉత్త మట్టి చూసి మొదలెట్టాలా? వేరు దిగినదేదైనా భూమి సొత్తు. మా నాన్న నాటి పద్ధతి. నువ్వు తెచ్చుకున్నవి నువ్వు పట్టుకుపో."

"ఒరే ఎగ్బర్టూ!" గోడమీంచి ఐసిల్డా కేక పెట్టింది. "మీ నాన్న పద్ధతి నాకు చెప్తావురా? పక్కవాడి మేక ఈనితే పిల్ల మన దొడ్లో పడింది కాబట్టి మనదే అనే పద్ధతేగా!"

"ఐసిల్డమ్మా, నీకు సంబంధం లేని విషయం ఇది."

"నీ చీమిడి తుడిచిన చెయ్యిరా ఇది. సంబంధం లేదంటాడు!"

మాక్సమ్ ఆ మాట విననట్టే మడి పొడవునా నడిచి రోడ్డెక్కాడు. అయిదు అడుగులు, అయిదు గుంటలు. మేనల్లుడు మాత్రం కాలిబాట పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్ళాడు. డెల్‌రోజ్ ఒక్కో గుంట దగ్గరా వంగి, అణగిన మట్టిని వేళ్ళతో గుల్ల చేసింది. అయిదోది పూర్తయ్యాక అనిపించింది, ఎవడి కోసం చేస్తున్నానిది? మరుక్షణం చేతిలో ఉన్న మట్టిపెళ్ళను రోడ్డుకేసి విసిరికొట్టింది.

బుధవారం ఆమె స్టెనెట్ పాస్టరు దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళో కాగితాల మీద సాక్షి సంతకం పెట్టే హోదా కూడా ఆయనదే. ఆయన మాక్సమ్‌కి కబురు పెట్టి ఇద్దర్నీ చర్చి వరండాలో కూర్చోబెట్టాడు. తలా ఒక గ్లాసు నిమ్మరసం ఇప్పించాడు. డెల్‌రోజ్ గ్లాసు ముట్టుకోలేదు.

"కౌలు కాగితం ఏదైనా ఉందామ్మా?" అన్నాడు పాస్టరు.

"మాటే కాగితం అన్నారండీ అప్పుడు."

"మాట తప్పానా?" అన్నాడు మాక్సమ్. "ఎన్నేళ్ళని మాటిచ్చాను? చెప్పమనండి."

పాస్టరు గడ్డం గోక్కున్నాడు. పోనీ పంటలో సగమైనా వదలమని అడిగాడు. రెండు వారాల గడువు అడిగాడు. వారం అడిగాడు. మాక్సమ్ ప్రతిదానికీ తలూపుతూ విని, చివర ఒకే మాట అన్నాడు. "నేలలో వేరున్నది నాది. నేలమీద ఆమె తెచ్చి పెట్టుకున్నది ఆమెది. ఒక్క పుల్ల కూడా నాకొద్దు. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది పాస్టరు గారూ?"

"అయితే అదే రాస్తాను. రేపు మీలో ఎవరూ మాట మార్చకుండా ఉంటుంది," అన్నాడు పాస్టరు. తను ఎంతో కొంత చేశానని ఆయనకు అనిపించాలి కదా. రెండు వాక్యాలు రాశాడు. మాక్సమ్ జేబులోంచి సొంత కలం తీసి సంతకం గీకాడు. డెల్‌రోజ్ కూడా పెట్టింది. పారా, పీపా, నీళ్ళ డబ్బాల కోసం సంతకం పెడుతున్నట్టు అనిపించి తలకొట్టేసినట్టయింది ఆమెకు. వేళ్ళు బిగుసుకుపోయి పేరులో రెండక్షరాలు కాగితాన్ని చించాయి. ఆ కాగితాన్ని పాస్టరు ఆమె చేతికే ఇచ్చాడు.

ఇంటి దారిలో ఐసిల్డా ఎదురుచూస్తోంది. విషయం విని ఉమ్మేసింది.

"పాస్టరు నిమ్మరసం ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"ఇస్తాడు. ఆయన చేతిలో ఉన్నది అదొక్కటే. నేను చెప్పేది విను. ఆరేళ్ళు ఏరిపారేసిన తుంగేగా? తిరిగి ఇచ్చెయ్యి వాడికి. డబ్బాడు గడ్డలు ఏరుకొచ్చి మడికి గుప్పెడు పాతిపెట్టు. వాడి మేనల్లుడు ముసలాడయ్యేదాకా పీక్కుంటాడు."

డెల్‌రోజ్ ఆ సాయంత్రం పార పట్టుకుని రోడ్డు వార కాలవ దగ్గర కూర్చుని తవ్వింది. దారినపోయేవాళ్ళు ఏం చేస్తున్నావంటే మేకలకని చెప్పింది. పొద్దువాలేసరికి డబ్బా నిండింది. ఇన్నేళ్ళలో తుంగగడ్డ దొరికినందుకు సంతోషించడం అదే మొదటిసారి.

గురువారం తెల్లవారగానే తోటలోకి వెళ్ళింది. మొదటి మడి దగ్గర కూర్చుని, రెండు చేతులతో గడ్డి పక్కకు తీసి, వేలితో గుంట చేసి ఒక గడ్డ వేసింది. జానెడు అవతల ఇంకోటి. ఇంకోటి. కోపం ఉడుకుతోంది కాబట్టి చేతులు వేగంగా పోతున్నాయి. నాలుగోదానికి గుంట చేస్తూ తలెత్తి చూసింది. మడంతా పచ్చగా, ఒక్క కలుపు పోచ లేకుండా, తల దువ్వి కూర్చోబెట్టిన పిల్లలా ఉంది. చెయ్యి ఆగిపోయింది. జాలీ కాదు, పుణ్యమూ కాదు. ఆరేళ్ళుగా ఆ వేళ్ళకు ఒకటే పని తెలుసు, దానికి ఎదురు చేయమంటే అవి ఒప్పుకోలేదు. "ఛీ," అంది గట్టిగా. డబ్బా మూత బిగించి, వేసిన మూడింటికోసం తిరిగి వెతకడం మొదలుపెట్టింది.

రెండు వెంటనే దొరికాయి. మూడోది దొరకలేదు. ఎక్కడ వేసిందో ఆమెకే గుర్తులేదు. గడ్డి అటు తీసి, ఇటు తీసి, చేతులతో ఎత్తి ఎత్తి పక్కన కుప్పవేసింది. కింద నల్లబడ్డ మట్టి, తడి, వానపాములు. మోచేతి దాకా చల్లదనం. ఎండ నెత్తికెక్కుతోంది. అరగంట వెతికాక గడ్డ దొరికింది. దాన్ని డబ్బాలో వేసి, వెనక్కి కూర్చుని ఊపిరి తీసుకుంది.

పక్కన కుప్పగా పడి ఉన్న గడ్డిని చూసింది. ఆమె మోకాళ్ళ ఎత్తు ఉంది, రెండు గజాల మడిలోంచి వచ్చిందే. ఆ గడ్డి ఈ నేలలో మొలవలేదు. కొండవాలున, ఎవరిదీ కాని బీడులో, కొడవలితో కోసి, ఐసిల్డా గాడిద మీద మోసుకొచ్చింది తను. గడ్డి కోసిన చేతులకు గడ్డి అంచులే కోతలు పెట్టాయి. ఏడాదికి మూడుసార్లు, పద్దెనిమిది మళ్ళకు. దానికి వేరు లేదు.

ఆమె ఎత్తి పక్కన పెట్టిన చోట మట్టి అప్పుడే పొడిబారి తెల్లబడుతోంది. వేలు పెట్టి చూసింది. గోరు లోతు వరకు ఎండిపోయింది.

శుక్రవారం పొద్దున ఆమె పిలిస్తే ఆరుగురు ఆడవాళ్ళు పాత దుప్పట్లు పట్టుకుని వచ్చారు. అందరూ ఆ వాలు మీద కౌలుకు చేసేవాళ్ళే, ఇద్దరు మాక్సమ్ భూమిలోనే. ఎవరికీ పెద్దగా చెప్పాల్సిన పని పడలేదు. కుదుళ్ళకు దెబ్బ తగలకుండా గడ్డి ఎత్తడం ఎట్లాగో మాత్రం డెల్‌రోజ్ చూపించింది. అరచెయ్యి మట్టికి ఆనించి, చాప చుట్టినట్టు చుట్టుకుంటూ రావాలి. ఒక్క కొమ్మ విరగకూడదు, ఒక్క రెమ్మ రాకూడదు.

"ఎందుకే అంత సుతారం? వాడికేగా పోయేది!" అంది వాళ్ళలో ఒకతె.

"వేరున్నది వాడిది. ఒక్క ఆకు తక్కువైనా నన్ను దొంగ అంటాడు."

మూటలు కట్టారు. గాడిద మీద నాలుగు, తలల మీద ఒక్కొక్కటి. ఐసిల్డా ఇంటి వెనక రాళ్ళ వాలు మీద దించి మళ్ళీ వచ్చారు. పదకొండో మడి ఎత్తుతుండగా కెన్రోయ్ వచ్చాడు. కాసేపు చూసి, ఏదో అడగబోయి, పక్కకు వెళ్ళి ఫోన్ చేశాడు. పావుగంటలో మాక్సమ్ వ్యాను దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది.

"ఏం చేస్తున్నారు? ఎవరు పెట్టమన్నారు చెయ్యి? దింపండి!"

ఎవరూ దింపలేదు. డెల్‌రోజ్ జాకెట్టులోంచి కాగితం తీసింది. "మీరే పెట్టమన్నారండీ. చదవమంటారా? నేలమీద ఆమె తెచ్చి పెట్టుకున్నది ఆమెది."

"అది పారకీ బకెట్టుకీ! గడ్డి సంగతి ఎవడన్నాడు? ఇది చెత్త!"

"చెత్తేగా. మీకెందుకు మరి?"

తల మీద మూటతో ఉన్న ఒకతె ఫక్కున నవ్వింది. మూట ఊగింది. మాక్సమ్ మొహం ఎర్రమట్టి రంగుకొచ్చింది.

"నా భూమిలో అడుగుపెట్టి నాకే..." అంటూ డెల్‌రోజ్ చేతిలో మూట కొస పట్టుకుని లాగాడు. ఆమె వదల్లేదు. ఇద్దరి మధ్య దుప్పటి బిగుసుకుంది. అప్పుడామె గొంతు లేచింది. అప్పటిదాకా అంత గొంతు ఉందని ఆమెకే తెలియదు.

"లాగండి! లాగి చూడండి! ఈ పోచల్లో ఒక్కదాన్ని మీ చేత్తో కోశారా? ఒక్క తుంగగడ్డ తీశారా? ఆరేళ్ళు మోకాళ్ళు అరగదీశాను. నేల బాగుపడేదాకా నాది, బాగుపడ్డాక మీదా? రాళ్ళు ఏరాను, ఆ రాళ్ళు కూడా మీకే వదిలేస్తున్నా. పంట మీకే వదిలేస్తున్నా. ఇది వదల్ను. ఇది నేను మోసుకొచ్చింది. పిలవండి పాస్టర్ని! పోలీసుల్ని పిలవండి! కాగితం మీద మీ సంతకమే ఉంది, మీ కలంతోనే పెట్టారు!"

రోడ్డు మీద జనం ఆగారు. చేపలు అమ్మే మనిషి సైకిలు దిగి నిలబడ్డాడు. మాక్సమ్ చుట్టూ చూశాడు. తన భూమిలోనే కౌలుకు చేసే ఇద్దరు ఆడవాళ్ళ మొహాల మీద ఆయన చూపు కాసేపు ఆగింది. వాళ్ళు తలలు దించుకోలేదు. నెమ్మదిగా దుప్పటి కొస వదిలేశాడు.

"పోనీ. గడ్డి తినండి," అన్నాడు. వ్యానెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి పద్దెనిమిది మళ్ళూ బోసిగా ఎండకింద పడున్నాయి. థైమ్ కుదుళ్ళన్నీ లెక్కకు లెక్క ఉన్నాయి. చివరి మూట ఎత్తుకుని వెళుతూ డెల్‌రోజ్ వెనక్కి చూడలేదు. చూస్తే మళ్ళీ గడ్డి పరిచేస్తానేమోనని భయం వేసింది.

ఐసిల్డా ఇంటి వెనక చెక్క అరెకరం కూడా లేదు. రాయి ఎక్కువ, మట్టి తక్కువ. శనివారం పొద్దున ఐసిల్డా తలుపు దగ్గర నిలబడి, "ఇంకేం, మొదలెట్టు. నీ ఇష్టం వచ్చినన్నాళ్ళు చేసుకో. నేనేమన్నా ఎగ్బర్ట్‌నా!" అంది.

డెల్‌రోజ్ పార కింద పెట్టింది. "పిన్నీ, కాగితం రాసివ్వాలి."

"ఏం కాగితం?"

"పదేళ్ళకి. పాస్టరు ముందు."

ముసలామె కర్ర నేలకేసి కొట్టింది. "నన్నా? ఆ గోడమీద కూర్చుని నీ తరఫున వాడితో తగువేసుకున్న నన్నా నమ్మవు?"

"నిన్ను నమ్ముతా. నువ్వు పోయాక కింగ్‌స్టన్ నుంచి వచ్చే నీ కొడుకుల్ని నమ్మను."

"నేను పోవాలని చూస్తున్నావన్నమాట!"

"అట్లా అనలేదు."

"అన్నావు. ఇప్పుడే అన్నావు." ఐసిల్డా తలుపు వేసేసుకుంది. ఆ రోజంతా తియ్యలేదు. ఆదివారం చర్చిలో పక్క బెంచీ మీద కూర్చుంది, పాటల పుస్తకం పంచుకోలేదు. గడ్డి మూటలు వాలు మీద అలాగే పడున్నాయి. డెల్‌రోజ్ ఒక్క రాయి కూడా కదపలేదు. తప్పు చేశానేమో అనిపించింది ఆమెకు, తిండి సహించలేదు. అయినా పార ముట్టుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం ఐసిల్డా మంచి గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ డెల్‌రోజ్ ఇంటి ముందుకొచ్చింది. "పద. ఎండలో నన్ను నడిపిస్తున్నావు చూడు, నీకు నరకమే. పదేళ్ళు కాదు, పన్నెండు రాయిస్తా. నువ్వు కూడా ముసలిదానివైపో."

కాగితం రాసుకుని వచ్చారు. వాకిట్లోకి వచ్చాక ఐసిల్డా కర్రపెండలం రొట్టె వేడి చేసి, వేయించిన చేప పెట్టి, "తిను. మొహం చూడు, పీక్కుపోయింది," అంది.

మంగళవారం నుంచి పని మొదలైంది. మొదటి మడికి గీత గీసుకుని, గునపంతో రాళ్ళు లేపి, పెద్దవి అంచుకు పేర్చి, చిన్నవి కాలిబాటకు పోసింది. మట్టి జల్లించినట్టు వేళ్ళతో చూసింది. రెండు డబ్బాల నీళ్ళు చిలకరించింది. విత్తనం వేయలేదు, మొక్క పెట్టలేదు. ముందు కలుపును లేవనివ్వాలి, లేచినదాన్ని తియ్యాలి, మళ్ళీ తడపాలి, మళ్ళీ తియ్యాలి. మూడు దఫాలయ్యాకే మొక్క. ఈస్టరు పోయినట్టే. అది తలచుకున్నప్పుడల్లా పార దెబ్బ గట్టిగా పడేది.

ఆ పై శుక్రవారం కెన్రోయ్ వచ్చాడు. తెల్లచొక్కా లేదు. చేతులకు బొబ్బలు, చూపుడువేలికి గుడ్డ కట్టు. గోడ అవతలే ఆగాడు.

"అక్కా, లోపలికి రావచ్చా?"

డెల్‌రోజ్ తలెత్తలేదు. "అక్కడ్నుంచే చెప్పు."

"ఆకు రాలిపోతోంది. ముట్టుకుంటే బూడిదలా రాలుతోంది. రోజూ నీళ్ళు పోస్తున్నా. మధ్యాహ్నానికి ఏమీ ఉండట్లేదు."

ఆమె వేళ్ళు మట్టిలో ఆగాయి. సంతోషం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. కొమ్మ కొమ్మనూ ఆమె ఎరుగును. దాని వెనకే మళ్ళీ కోపం.

"గడ్డి అడగటానికి వచ్చావా?"

"లేదక్కా. గడ్డి నేను కోసుకుంటా, బీడు ఎక్కడో కనుక్కున్నా. తుంగ లేస్తోంది. నాలుగు రోజుల నుంచి పారతో కొడుతున్నా. కొట్టినకొద్దీ ఎక్కువవుతోంది. నువ్వెట్లా పోగొట్టావో చెబుతావేమోనని."

పారతో కొట్టాడట. ఒక్కో గడ్డను మూడు ముక్కలు చేసి మడంతా చల్లాడన్నమాట. గుమ్మంలో కూర్చున్న ఐసిల్డాకి నవ్వు ఆగలేదు.

"మీ మామయ్య ఎన్నేళ్ళకిచ్చాడు నీకు?" అంది డెల్‌రోజ్.

"ఎన్నేళ్ళనేముంది? సొంత మామయ్యేగా. చేసుకో, తరవాత చూద్దాం అన్నాడు."

"కాగితం?"

అతను గుడ్డ కట్టిన వేలిని రెండో చేత్తో నొక్కుకుంటూ నిలబడ్డాడు. "మా అమ్మకి కూడా అట్లానే అన్నాడు, ఆయన స్థలంలో ఇల్లు కట్టుకునేటప్పుడు," అన్నాడు నేలకేసి చూస్తూ.

డెల్‌రోజ్ అతనికేసి మొదటిసారి సరిగ్గా చూసింది. మడి తొక్కమంటే తొక్కకుండా, రాళ్ళమీద నుంచి చుట్టూ తిరిగి పోయిన మనిషి. అయినా అతని మీద కోపం తగ్గలేదు ఆమెకు. తగ్గాలని కూడా అనుకోలేదు.

"తుంగని పారతో కొట్టరు," అంది. "గడ్డ దాకా తవ్వి తియ్యాలి, ఒక్కొక్కటీ. ఎట్లాగో చూపిస్తా. ముందు వెళ్ళి మీ మామయ్యతో కాగితం రాయించుకు రా. ఏళ్ళు రాయించు. పాస్టరు సంతకం పెట్టించు."

"ఆయన ఇవ్వడక్కా."

"ఇవ్వకపోతే ఆ మట్టిలో మోకాలు పెట్టకు," అని డెల్‌రోజ్ తన మడికేసి తిరిగింది. తడిసిన మట్టిలోంచి అప్పుడే రెండు పోచలు తలలెత్తాయి. వేలు దించింది.